బ్రాడీపేట వంటిల్లు: పని డైరీ

జనవరి 18

సంక్రాంతికి అరిసెల మూకుడు దించడానికి అత్తయ్య స్టూలెక్కారు. అటక మీద చెయ్యి పడేలోపు స్టూలు జరిగింది. పడలేదు గానీ గట్టు అంచు పట్టుకుని వేలాడినంత పనయింది, కుడి భుజం పట్టేసింది. మాకు చెప్పింది మూడు రోజుల తర్వాత. అదీ దోమ కుట్టినంత మామూలుగా.

అత్తయ్యకు 77. గుంటూరు బ్రాడీపేటలో పాత ఇంట్లో ఒక్కరే ఉంటారు. విజయవాడ పటమటలో మా దగ్గరికి వచ్చెయ్యమంటే "పది రోజులైతే వస్తా" అంటారు, పదకొండో రోజు పొద్దున్నే బస్సెక్కుతారు. ఆ వాదన ఈ పండగతో వదిలేశాం. ఆవిడ అక్కడే ఉంటారు, అక్కడే వండుకుంటారు. మార్చాల్సింది వంటింటిని.

పన్నెండేళ్లుగా నా ఉద్యోగం మాడ్యులర్ కిచెన్లకు డ్రాయింగులు గీయడమే. గట్టు 34 అంగుళాలు, సింకు ఈ మూల, చిమ్నీ ఆ మూల, కళ్ళు మూసుకుని గీసేస్తాను. రెండు ఆదివారాల పని అని మా ఆయనతో చెప్పాను. తర్వాత ఎవరూ మాట మార్చకుండా ఇక్కడ రాసి పెడుతున్నాను.

జనవరి 25

కొలతలు. వంటిల్లు 8 అడుగులకు 10. గట్టు కడప బండ, 34 అంగుళాల ఎత్తు, నేను రోజూ గీసే ఎత్తే. టేపు మడిచేస్తుంటే అత్తయ్య పొయ్యి దగ్గర నిలబడి ఉప్మా కలుపుతున్నారు. కుడి భుజం చెవి దాకా లేచి ఉంది. భుజం నొప్పి వల్ల అలా కలుపుతున్నారనుకున్నాను. కాసేపు చూశాక తెలిసింది, అలా కలపబట్టే నొప్పి.

ఆవిణ్ణి గోడకు నిలబెట్టి కొలిచాను. ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలు. నేల నుంచి మోచేతికి 35. ఇప్పుడు లెక్క చూడండి. గట్టు 34, దాని మీద స్టవ్వు 5, అక్కడికే 39. ఆపైన మూకుడు 4. అట్లకాడ పట్టుకున్న చెయ్యి మోచేతికి ముప్పావు అడుగు పైన తిరుగుతోంది. నలభై ఏళ్లుగా ఇలాగే. ఇన్నేళ్లూ నేను గీసిన కిచెన్లలో గట్టు ఎత్తే గానీ, గట్టు మీద పెట్టే స్టవ్వు ఎత్తు ఎప్పుడూ కలపలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మేస్త్రీ గారిని పిలిచి చూపించాను. ఆయన తేలిగ్గా తేల్చేశారు.

"దీనికి బండ పగలగొట్టడం ఎందుకు మేడమ్? కింద ఓ చెక్కపీట వేస్తే మామ్మగారు దాని మీద నిలబడతారు."

"పీట దిగడం మర్చిపోతే?"

ఆయన ఒకసారి అత్తయ్య కాళ్ళ వంక చూసి ఇంకేమీ అనలేదు.

పగలగొట్టే ముందు ఒక పరీక్ష పెట్టాం. వరండాలో పాత టేకు బల్ల ఉంది, 26 అంగుళాలు. కాళ్ళ కింద చెక్కలు పెట్టి 28 చేసి స్టవ్వు, సిలిండరు అక్కడికి మార్చాం. మూడు రోజులు అక్కడే వండమని చెప్పి వచ్చేశాం.

జనవరి 28

ఫోన్. "ఆ బల్ల మీదే ఉంచేద్దాం అమ్మాయ్, లోపలికెందుకు? ఇక్కడ హాయిగా ఉంది, వీధిలో పోయేవాళ్ళు కూడా కనపడుతున్నారు." పరీక్ష నెగ్గింది. వీధి కనపడటం మాత్రం నా డ్రాయింగులో ఎక్కడా లేదు.

ఫిబ్రవరి 1, 2

పొయ్యి ఉండే మూడడుగుల మేర బండ కోయించి 28 అంగుళాలకు దించాం. మిగతా గట్టు జోలికి వెళ్ళలేదు. స్టవ్వును కిటికీ వైపు జరిపాం, అక్కడ నిలబడితే గేటు కనపడుతుంది. గ్రైండర్ దుమ్ము హాల్లో దేవుడి పటాల మీద దాకా వెళ్ళింది. సోమవారం సెలవు పెట్టి నేనే తుడిచాను, ఎందుకంటే తుడవడానికి స్టూలు కావాలి.

ఇక్కడో చిక్కు. సిలిండరు ఎత్తు కొలిస్తే దాదాపు 25 అంగుళాలు వచ్చింది. 28 అంగుళాల బండ కింద అది దూరినా రెగ్యులేటర్ తిప్పడానికి చెయ్యి దూరదు. స్టవ్వేమో సిలిండరు కంటే ఎత్తులోనే ఉండాలి. అందుకని సిలిండరు పక్క గూట్లోకి, పాత 34 అంగుళాల బండ కిందకి పోయింది. చక్రాల స్టాండు కొన్నాం. గ్యాసే 14.2 కిలోలు, ఇనుము బరువు కూడా వేస్తే నిండు సిలిండరు 30 కిలోల దాకా వస్తుంది. దాన్ని ఆవిడ కదపకూడదు. సిలిండరు తెచ్చే అబ్బాయే పాతది తీసి కొత్తది బిగించి వెళ్ళాలని మాట తీసుకున్నాం. గ్యాసు గొట్టం మీద తేదీ చూస్తే అయిదేళ్ళు ఎప్పుడో దాటిపోయింది. అదీ మార్చాం.

దించిన భాగానికి నల్ల గ్రానైట్ వేద్దామన్నారు మేస్త్రీ. చీమకుర్తి రాయి, మెరుపు చూస్తే మొహం కనపడుతుంది. వద్దన్నాను. నల్ల బండ మీద నల్ల మూకుడు, దాని పక్కన నల్ల పిడి చాకు. ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయిన మనిషికి ఏది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? లేత బూడిద రంగు, మెరుపు లేని రాయి వేయించాం. అత్తయ్యకు నచ్చలేదు. "మరక కనపడుద్ది" అన్నారు. కనపడాలనే వేయించాను, ఆ మాట మాత్రం పైకి అనలేదు.

ఫిబ్రవరి 8

ఈ రోజు సంగతి మరచిపోయేది కాదు.

నేను లాలాపేటలో స్క్రూలు, బోల్టులు కొనుక్కుని తిరిగొచ్చాను. గేటు తీస్తుండగానే గ్యాసు వాసన. పరుగెత్తాను. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. నాబ్ పూర్తిగా తెరిచే ఉంది. అక్కడికి ఆరడుగుల దూరంలో అత్తయ్య కుర్చీలో కూర్చుని గోంగూర వలుస్తున్నారు.

"ఏందమ్మాయ్ ఆ పరుగు?"

రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి, ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వరండాలోకి తెచ్చాను. ఏ స్విచ్చూ ముట్టుకోలేదు. కాళ్ళలో వణుకు తగ్గాక అడిగాను, వాసన రాలేదా అని.

"ఏ వాసన?"

ఒక గంటాగి పరీక్ష పెట్టాను, ఆటలాగా. కళ్ళు మూసుకోమని ఒక్కో డబ్బా ముక్కు దగ్గర పెట్టాను. కాఫీ పొడికి చాలాసేపు ఆలోచించి "టీ పొడా?" అన్నారు. ఇంగువకు "ఏదో పొడి" అన్నారు. ఇంగువ! పులిహోరలో ఇంగువ తగ్గిందని పెళ్ళయిన కొత్తలో నన్ను పది మంది ముందు అన్న మనిషి. కర్పూరం మాత్రం వెంటనే చెప్పారు. "చల్లగా ఉంది, కర్పూరం."

ఆ చల్లదనం దగ్గరే నాకు అర్థమైంది. మిరపకాయలు వేయిస్తే అత్తయ్య నాకంటే ముందు దగ్గుతారు. పైగా ఇది మిర్చి సీజను. యార్డుకు వెళ్ళే లారీల వెనక పడితే బండి మీద మాకే కళ్ళు మండుతున్నాయి, ఆవిడకూ మండుతాయి. అందుకే ముక్కు బాగానే ఉందనుకున్నాం. కానీ ఘాటు వేరు, వాసన వేరు. మిరపకాయ మంటనీ కర్పూరం చల్లదనాన్నీ పట్టేది మొహానికి స్పర్శనిచ్చే నరం, వాసన పట్టేది ఇంకో నరం. వయసు మీద పడ్డాక మొదటిది పని చేస్తూనే రెండోది మెల్లగా పోవచ్చు. పోయిన సంగతి ఆ మనిషికే తెలియదు. చూపు తగ్గితే సూదిలో దారం ఎక్కదు, వినికిడి తగ్గితే టీవీ సౌండు పెంచుతాం. వాసన తగ్గితే కూరలో ఉప్పుకారాలు కాస్త పెరుగుతాయి, అంతే. ఏడాదిగా పెరుగుతున్నాయి. ఆవిడ చేతిలో ఏదో తేడా వచ్చిందని మేం చాటుగా అనుకున్నాం కూడా.

వంటగ్యాసుకు సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే కంపు రసాయనం కలుపుతారు. ఆ కంపును పట్టే ముక్కు లేకపోతే ఆ కాపలా అంతా దండగ. మేం గట్టు ఎత్తు అంగుళాల్లో కొలుస్తూ కూర్చున్నాం, అసలు ప్రమాదం కొలతకు అందనిచోట ఉంది.

సాయంత్రం లోపల రెండు నిర్ణయాలు. ఒకటి, మంట ఆరితే తనంతట తను గ్యాసు ఆపుకునే స్టవ్వు. బర్నరు పక్కన చిన్న కడ్డీ ఉంటుంది, మంట వేడి తగులుతున్నంతసేపే అది కవాటం తెరిచి ఉంచుతుంది, చల్లబడితే మూసుకుంటుంది. రెండు, గ్యాసు లీకైతే కూసే అలారం. కొట్లో అబ్బాయి దాన్ని పైన, చిమ్నీ ఎత్తులో బిగించమన్నాడు. సిలిండరు గ్యాసు గాలి కంటే బరువు, నేల మీద నీళ్ళలా పరుచుకుంటుంది. పైన పెడితే గది సగం నిండాక కూస్తుంది. నేలకు అడుగు ఎత్తులో, గచ్చు కడిగినప్పుడు తడవని మూల చూసి బిగించాను.

ఫిబ్రవరి 15

శివరాత్రి. అత్తయ్యకు ఉపవాసం, వంట లేదు, మాకు వంటిల్లు ఖాళీ.

ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాం. వయసుతో వచ్చేదే, మందులేం లేవన్నారు. అత్తయ్య బాధపడినట్టు కనిపించలేదు. తిరిగి వస్తూ మాత్రం ఆటోలో, "మల్లెపూలు ఈ మధ్య వాసన లేకుండా అమ్ముతున్నారనుకున్నా" అన్నారు.

గుమ్మం పక్కన, సింకు పక్కన పట్టుకోవడానికి స్టీలు రాడ్లు బిగించాను. సొంత డ్రిల్లు, సొంత చేతులు. సింకు పక్క రాడ్డును గట్టిగా లాగి చూస్తే ప్లగ్గులతో సహా ఊడి చేతిలోకొచ్చింది. పాత ఇటుక గోడ, పైన అంగుళం మందాన సున్నం. నేను వేసిన కన్నాలు సున్నంలోనే ఆగిపోయాయి. బరువు ఆనని రాడ్డు అసలు లేకపోవడం కంటే అన్యాయం, ఎందుకంటే పడబోయే మనిషి దాన్ని నమ్ముతుంది. మేస్త్రీ గారొచ్చి గోడ మీద సుత్తితో కొట్టి, చప్పుడు విని, ఇటుక మధ్య భాగం చూసి పొడుగు యాంకర్ బోల్టులు దించారు. తర్వాత మా ఆయన, 82 కిలోల మనిషి, దాన్ని పట్టుకుని వెనక్కి వాలారు. నిలిచింది.

కుళాయిలు కూడా మార్చాం. తిప్పేవి తీసేసి మోచేత్తో నెట్టినా తెరుచుకునే లివరు ట్యాపులు. మొత్తం పనిలో వాదన లేకుండా నచ్చిన వస్తువు ఇదొక్కటే.

ఫిబ్రవరి 22

ఈ రోజు పప్పులో కాలేశాను.

సూత్రం మంచిదే. రోజూ వాడేవన్నీ మోకాలికీ భుజానికీ మధ్య ఉండాలి, వంగకూడదు, ఎక్కకూడదు. కింది అరలు తీసేసి లాగితే బయటికొచ్చే సొరుగులు పెట్టించాం, గుండ్రటి పిడులు కాకుండా నాలుగు వేళ్ళు దూర్చి లాగే పిడులు. అంతా అయ్యాక ఉత్సాహం ఆగక డబ్బాలన్నీ నేనే సర్దాను. పప్పులు ఒక సొరుగు, పిండ్లు ఒక సొరుగు, ఉప్పు పొయ్యికి ఎడమ పక్కన, పంచదార కుడి పక్కన. షోరూంలో ఫొటో తీసుకోవచ్చు, అంత బాగుంది.

మధ్యాహ్నం దోసకాయ పప్పు తియ్యగా ఉంది.

అత్తయ్య డబ్బా చూడరు. చెయ్యి వెళ్తుంది, మూత తీస్తుంది, వేళ్ళతో తీసి వేస్తుంది. ఉప్పు జాడీ పొయ్యికి కుడి పక్కన, గోడకు జానెడు ఇవతల ఉంటుందని ఆ చేతికి నలభై ఏళ్లుగా తెలుసు. నేను సర్దినచోట ఆ జానెడు దూరంలో పంచదార ఉంది. తిట్టలేదు. "నా వంటింట్లో నేనే చుట్టంలా ఉన్నానమ్మాయ్" అన్నారు. తిడితేనే నయం.

సొరుగులన్నీ ఖాళీ చేసి బయట పెట్టాం. అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కో డబ్బా చేతికిచ్చి "ఇదెక్కడ?" అని అడిగాను. ఆవిడ కళ్ళు మూసుకుని చెయ్యి చాపి చూపించారు. సగానికి పైగా పాతచోటుకే వెళ్ళాయి. నిజంగా చోటు మార్చాల్సినవి తొమ్మిదే తేలాయి, అన్నీ అటక మీదవీ నేలకు ఆనుకున్న అరలోవీ. ఆవకాయ పెద్ద జాడీ మా ఇంటికి వచ్చేసింది, అక్కడ అరకిలో సీసా ఉంటుంది. అయిదు లీటర్ల కుక్కరు బదులు రెండు లీటర్లది. అటకకు తలుపు పెట్టి తాళం వేశాం, తాళంచెవి పక్కింటి కుర్రాడి దగ్గర. స్టూలు నేను కారులో వేసుకొచ్చేశాను.

మార్చి 1

లైటు. ట్యూబులైటు వెనక గోడకు ఉంది, పొయ్యి దగ్గర నిలబడితే ఆవిడ నీడ సరిగ్గా కూర మీద పడుతుంది. పై అర కింద, మొహానికి ముందువైపు రెండడుగుల ఎల్‌ఈడీ పట్టీ బిగించాం. ఇరవై ఏళ్ల కంటిలోకి వెళ్ళే వెలుగులో అరవై ఏళ్లకు మూడో వంతే లోపలికి చేరుతుందంటారు. డెబ్భై ఏడు సంగతి చెప్పక్కర్లేదు. వెలిగించగానే "గట్టు ఇంత జిడ్డుగా ఉందా" అని గంటసేపు రుద్దారు. ఎలక్ట్రీషియన్ వచ్చాడు కదా అని 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ, అంటే షాక్ కొడితే కరెంటు ఆపేసే స్విచ్చు, కూడా పెట్టించాం. పాత ఇళ్ళలో ఎర్తింగు మీద నమ్మకం పెట్టుకోలేం.

ఇండక్షన్ ఎందుకు పెట్టలేదని మా ఆడపడుచు ఫోన్‌లో అడిగింది. గిన్నెలన్నిటికీ అయస్కాంతం పెట్టి చూశాం. ఇనప మూకుడు, పెనం, రెండు స్టీలు గిన్నెలు తప్ప ఏవీ అంటుకోలేదు. ఇత్తడివీ అల్యూమినియంవీ పక్కన పెట్టాల్సిందే. దానికి తోడు నున్నటి అద్దం మీద వేలు ఎక్కడ నొక్కాలో ఆవిడకు తడిమితే తెలియదు. నాబ్ అయితే తెలుస్తుంది.

ఇక గడప. హాలు కంటే వంటిల్లు మూడు అంగుళాలు పల్లం, మధ్యలో చెక్క గడప. తీసేద్దామన్నాను. అత్తయ్య చూసిన చూపుకు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. వాలు కట్టాలంటే అంగుళానికి అడుగు లెక్కన మూడడుగులు లోపలికొస్తుంది, నేరుగా పొయ్యి దగ్గరికి. కుదరదు. అప్పుడు అత్తయ్యే అన్నారు, "పసుపు రాసినన్నాళ్ళూ ఏనాడూ తట్టుకోలేదు. వంగలేక మానేశాక తట్టుకుంటున్నా." నేనెక్కడెక్కడో చదివిన రంగు తేడా పాఠం ఈ ఒక్క మాటలో ఉంది. ఎర్ర గచ్చు మీద పచ్చటి గడప, మసక కంటికి కూడా మెట్టు కనపడుతుంది. పసుపు రంగు ఆయిల్ పెయింటు వేసి, ఎర్ర బొట్లు నేనే పెట్టాను. వంకరగా వచ్చాయి.

మార్చి 8

కత్తిపీట దగ్గర ఓడిపోయాను. కింద కూర్చుంటే లేవలేరు. నిలబడి చాకుతో కోయడం ఆవిడకు చేతకాదు, అలవాటు లేదు. బల్లకు కత్తిపీట బిగించి కుర్చీలో కూర్చుని కోసేలా వడ్రంగితో చేయించాను. చాలా తెలివైన పని అనుకున్నాను. ముందుకు తూలితే ఆ కత్తి ఎక్కడ తగులుతుందో మా ఆయన వేలితో చూపించేదాకా. అప్పటికప్పుడు విప్పించేశాను.

ఇప్పుడు రబ్బరు పిడి పీలరు, పెద్ద పిడి చాకు, కుర్చీ ఎత్తుకు సరిపడే బల్ల. ఆ లావు పిడి పీలరుకు ఒక కథ ఉంది. సామ్ ఫార్బర్ అనే అమెరికా ఆయన, కీళ్ళవాతంతో భార్య వేళ్ళు పడుతున్న బాధ చూసి ఆ పిడి ఆలోచన చేశాడు. ఆ పనిముట్లే 1990లో ఆక్సో పేరుతో అమ్మకానికి వచ్చాయి. అత్తయ్యకు ఈ కథ చెప్పాను. "పెళ్ళాం కోసం చేశాడా, మంచివాడు" అని పీలరు పక్కన పెట్టి, చిక్కుడుకాయలు చేత్తో తుంపుకున్నారు. వంకాయ కూర వారానికి ఒకసారికి తగ్గింది. దీనికి నా దగ్గర మందు లేదు.

మార్చి 15

ఖర్చు 46,800. అందులో కూలీ 14,000. మేం పగలగొట్టకుండా వదిలేసిన గట్టు వల్ల మిగిలింది ఎంతో లెక్క వేయలేదు. భుజం నొప్పి తగ్గిందంటున్నారు, ఫిజియోథెరపీ కూడా జరుగుతోంది కాబట్టి ఘనత అంతా గట్టుకే ఇవ్వను.

అలారం మోగితే ఏం చేయాలో నాలుగు ఆదివారాలుగా వల్లె వేయిస్తున్నాను. రెగ్యులేటర్ కట్టేయడం, కిటికీ తలుపులు తీయడం, స్విచ్చులు ముట్టుకోకపోవడం, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయడం. గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించాను. "చిన్నపిల్లనా" అంటారు, కానీ తప్పు లేకుండా అప్పజెబుతారు.

మార్చి 21

ఉగాది అయిన రెండో రోజు, సాయంత్రం ఆరున్నరకు ఫోన్. నేను ఆఫీసు నుంచి దిగుతున్నాను.

"అమ్మాయ్, నీ పెట్టె మొత్తుకుంటోంది."

"ఎక్కడున్నారు అత్తయ్యా?"

"అరుగు మీద. గ్యాసు కట్టేశా. కిటికీలు తీశా. లైటు వెయ్యలా, చీకట్లోనే వచ్చా, రాడ్డు పట్టుకుని. ఫోను బయటికొచ్చాకే తీశా."

పక్కింటి కుర్రాణ్ణి పంపాను. వాడు ముక్కుతో చూసి గ్యాసు వాసన లేదన్నాడు. ఆరా తీస్తే తేలింది, అయిదు నిమిషాల ముందు దోమల స్ప్రే తెచ్చి వంటింట్లో కొట్టింది వాడే. ఆ డబ్బాల్లో మందును బయటికి తోసేది కూడా ఇదే జాతి గ్యాసు. అలారానికి ఆ తేడా తెలియదు.

దొంగ కూత అని చెబితే అత్తయ్యకు కోపం వస్తుందేమో, ప్లగ్గు పీకేస్తారేమో అని నాకు టెన్షన్. నెమ్మదిగా చెప్పాను.

"సరేలే" అన్నారు. "నాకు వాసనే రాలేదు. దానికి వచ్చింది కదా."

తర్వాతి పని: పెరటి గుమ్మం మెట్టు. కొలతలు తీసుకోవాలి, ముందు అత్తయ్య మోకాలివి.